ఫ్లాష్‌బ్యాక్ అబద్ధం చెప్పొచ్చా? నాన్నకీ నాకూ తెగని పంచాయితీ

రెండో_ఆట · ఆదివారం, రాత్రి 11:40

ముందే చెప్తున్నా, ఇక్కడ చాలా సినిమాల ముగింపులు బయటపడతాయి. చూడనివాళ్ళు సినిమా పేరు కనపడగానే కిందికి జరిగిపోండి.

ఇవాళ సాయంత్రం నాన్నతో కలిసి 'ఎవరు' (2019) చూశాను. నాకు రెండోసారి, ఆయనకి మొదటిసారి. రెజీనా చెప్పే కథని తెర మీద జరిగినట్టే చూపించి, కాసేపయ్యాక అది కాదు, అసలు జరిగింది వేరే అని మళ్ళీ చూపిస్తారు కదా. అక్కడ నాన్నకి తిక్క రేగింది. "ఇందాక కళ్ళారా చూపించావు కదయ్యా, ఇప్పుడు కాదంటావేంటి?" అని టీవీనే నిలదీశారు. చివర్లో ఆ వచ్చిన పోలీసు కూడా తాను చెప్పుకున్న మనిషి కాదని తేలేసరికి లేచి వెళ్ళి మజ్జిగ కలుపుకున్నారు.

నాన్న కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యారు. భోజనాల దగ్గర ఆయన వాదన ఇదీ: "బోనెక్కిన సాక్షి అబద్ధం చెప్పొచ్చు, అది వాడి ఖర్మ. కానీ సాక్ష్యంగా దాఖలై పి-1 అని మార్కు చేసిన కాగితం అబద్ధం చెప్పకూడదు. తెర మీద కనిపించేది కాగితం లాంటిది. దాన్నే తప్పుగా చూపిస్తే ఇంక ఎందుకు చూడాలి?"

నేనేమో మోసపోవడానికే కదా థ్రిల్లర్ చూసేది అన్నాను. "మోసపోవడం వేరు, మోసం చెయ్యడం వేరు" అని చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు. ఎవరిది కరెక్టంటారు?

నేల_టికెట్ · ఆదివారం, రాత్రి 11:52

మీ నాన్నగారిని సినిమా రివ్యూలు రాయమనండి అన్నా. ఆ మజ్జిగ కలుపుకోవడం కంటే మంచి రేటింగ్ నేను చూళ్ళేదు.

గోదారి_గట్టు · సోమవారం, ఉదయం 6:15

మీ నాన్నగారి వైపు పెద్ద సాక్షి ఒకరున్నారండీ. హిచ్‌కాక్. 1950లో 'స్టేజ్ ఫ్రైట్' అని తీశాడు. సినిమా మొదట్లోనే కుర్రాడు కారులో పారిపోతూ పక్కనున్న అమ్మాయికి జరిగింది చెప్తాడు. హత్య చేసింది ఫలానా నటి, నేను ఆవిణ్ణి కాపాడబోయి ఇరుక్కున్నాను అని. అదంతా ఫ్లాష్‌బ్యాక్‌గా చూపిస్తారు. ఆ నటి వేషం మార్లీన్ డీట్రిచ్‌ది. చివరికి తేలేదేంటంటే ఆ ఫ్లాష్‌బ్యాకే అబద్ధం, చంపింది వాడే. తర్వాత ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో మాట్లాడినప్పుడు అబద్ధపు ఫ్లాష్‌బ్యాక్ పెట్టి చెయ్యకూడని పని చేశానని హిచ్‌కాకే ఒప్పుకున్నాడు.

నాకు మాత్రం అందులో తప్పేమీ కనపడదు. వాడు చెప్తున్నాడు, మనం వింటున్నాం. వినేటప్పుడు బొమ్మ కనపడింది, అంతే.

డల్లాస్_సూరి · సోమవారం, ఉదయం 8:03

కోర్టు మాట వచ్చింది కాబట్టి జపాను సినిమా 'రషోమాన్' (1950) తల్చుకోక తప్పదు. సమురాయ్ చచ్చిపోయాడు, అంతవరకూ ఖాయం. ఎలా చచ్చాడన్నది దొంగ ఒకలా, భార్య ఒకలా, చచ్చినవాడు పూనకం వచ్చిన మనిషి నోటితో ఇంకోలా, కట్టెలు కొట్టేవాడు నాలుగోలా చెప్తారు. నాలుగూ తెర మీద చూస్తాం. నాలుగూ నిజమయ్యే అవకాశం లేదు.

అందులో విచారణ దృశ్యాలు ఒకసారి మళ్ళీ చూడండి. జడ్జి కనపడడు. గొంతు కూడా వినపడదు. సాక్షులు మన వైపు తిరిగి కూర్చుని, వినపడని ప్రశ్నలకి మనకే జవాబులు చెప్తుంటారు. అంటే దర్శకుడు కురొసావా మనల్ని తీసుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఇక్కడ కెమెరా పి-1 కాదు, వాంగ్మూలం. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పి ఈ ముక్క వినిపించండి.

రెండో_ఆట · సోమవారం, మధ్యాహ్నం 1:20

వినిపించాను సూరిగారూ. హిచ్‌కాక్ సంగతి విని "చూశావా, ఆ పెద్దాయనకి తెలుసు" అని మురిసిపోయారు. రషోమాన్ దగ్గర మాత్రం కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక పాయింటు లాగారు:

"వాంగ్మూలం అయితే కింద సంతకం ఉంటుంది. ఈ మాట ఎవరు చెప్పారో నాకు తెలుస్తుంది. ఆ జపాను సినిమాలో సంతకం ఉంది, ఒప్పుకుంటా. సంతకం లేకుండా చూపించి, తర్వాత కాదంటే మాత్రం నేనొప్పుకోను."

అంటే ఆయన రూలు ప్రకారం, ఎవరో ఒకరు చెప్తున్నట్టు చూపిస్తే అబద్ధం చెల్లుతుంది. దర్శకుడు తనంతట తాను చూపిస్తే చెల్లదు.

నేల_టికెట్ · సోమవారం, మధ్యాహ్నం 1:31

అయితే 'ఎవరు' పాసైపోయినట్టే కదా! రెజీనా చెప్తుంటేనే చూపించారు. సంతకం ఆవిడదే. మజ్జిగ వెనక్కి తీసుకోమనండి.

బెజవాడ_పిల్ల · సోమవారం, సాయంత్రం 5:45

ఈ సంతకం కొలత నాకు నచ్చింది. దాంతో మన సినిమాలు రెండు పక్కపక్కన పెట్టి చూస్తా.

'క్షణం' (2016). అమెరికా నుంచి వచ్చిన అడివి శేష్‌కి పాత ప్రియురాలు నా పాపని ఎత్తుకుపోయారు, వెతికిపెట్టు అంటుంది. వీడు ఎక్కడికెళ్ళి అడిగినా అసలు ఆమెకి పాపే లేదంటారు. భర్త కూడా అదే మాట. దెబ్బ తగిలి కోమాలోకి వెళ్ళొచ్చాక ఊహించుకుంటోంది అంటాడు. ఇక్కడ దర్శకుడు మనకి ఒక్క అబద్ధమూ చూపించలేదు. జనం చెప్పిన అబద్ధాలు మాత్రమే చూపించాడు. పదిమంది ఒకే మాట అంటే మనమే ఆ అమ్మాయిని అనుమానించడం మొదలుపెడతాం. నేనైతే థియేటర్లో పక్కనున్న మా వదినతో "పాపం, పిచ్చిది" అన్నాను కూడా. తర్వాత ఎంత సిగ్గేసిందో.

'1 నేనొక్కడినే' (2014) దానికి తిరగేసిన సంగతి. మహేశ్ ఒకణ్ణి చంపానని లొంగిపోతాడు, తీరా చూస్తే అక్కడ ఎవరూ లేరు. మనం మాత్రం చూశాం, కొట్టుకోవడం, తరుముకోవడం అన్నీ. సంతకం ఎవరిది? ఎవరూ చెప్పలేదు, నేరుగా చూపించారు. పెద్దాయన రూలు ప్రకారం ఇది ఫెయిల్. నాకేమో ఆ సినిమా ప్రాణం!

నేల_టికెట్ · సోమవారం, సాయంత్రం 6:02

ఆ సంక్రాంతికి నేను మొదటి రోజే వెళ్ళాను. ఇంటర్వెల్‌లో సమోసా కౌంటర్ దగ్గర పాతికమంది, పాతిక కథలు. "వీడు నిజంగా చంపాడా లేదా" అని ఒకడు అడిగితే ఇంకొకడు "నువ్వు నిజంగా టికెట్ కొన్నావా" అన్నాడు. పండక్కి అత్తారింటికొచ్చి, బూరెలు తిని, అంత మెదడు పెట్టి చూడమంటే ఎవడి వల్ల అవుతుంది? సినిమా తప్పు కాదు, తేదీ తప్పు.

బెజవాడ_పిల్ల · సోమవారం, సాయంత్రం 6:10

బూరెలు తిని చూసినా నాకు అర్థమైంది బ్రో.

నేల_టికెట్ · సోమవారం, సాయంత్రం 6:11

మీరు రెండే తిన్నారేమో.

డల్లాస్_సూరి · సోమవారం, రాత్రి 8:40

సమోసాలు, బూరెలు పక్కన పెడితే ఒక మాట. 'నేనొక్కడినే'లో సంతకం లేదనకండి. మొదటి సగం అంతా మహేశ్ పాత్ర గౌతమ్ కళ్ళతో చూస్తున్నాం. సంతకం వాడిదే, కాకపోతే మనకి ఆలస్యంగా చూపించారు. స్కిజోఫ్రీనియా వచ్చిన గణిత శాస్త్రవేత్త జాన్ నాష్ మీద తీసిన 'ఏ బ్యూటిఫుల్ మైండ్' (2001) కూడా అంతే. అందులో స్నేహితుడి మేనకోడలు ఒక చిన్నపిల్ల. ఏళ్ళు గడిచినా ఆ పిల్ల పెరగదు. అది గుర్తించాకే నాష్‌కి అర్థమవుతుంది, వీళ్ళెవరూ లేరని. ఆ పిల్ల పెరగడం లేదన్నది మన కళ్ళముందే ఉంది, మనమే లెక్క వెయ్యలేదు. అసలు నాష్‌కి కనపడింది మనుషులు కాదు, వినపడింది గొంతులు. సినిమా కోసం గొంతుని మనిషిగా మార్చారు.

వార్డు_డ్యూటీ · మంగళవారం, రాత్రి 2:25

సైకియాట్రీ పీజీ చేస్తున్నా. నైట్ డ్యూటీలో మీ మాటలన్నీ చదివాను.

నాష్ గురించి సూరిగారు చెప్పింది కరెక్టే. స్కిజోఫ్రీనియాలో ఎక్కువగా వినేది గొంతులే. ఏళ్ళ తరబడి పక్కన కూర్చుని కబుర్లు చెప్పే మనిషి కనిపించడం సినిమాల్లోనే ఎక్కువ. కెమెరాకి గొంతు చాలదు కదా, మొహం కావాలి.

అసలు చిరాకు వేరే దాని మీద. ఇంటికెళ్తే చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న "మీ దగ్గరికి అపరిచితుడు లాంటివాళ్ళు వస్తారా?" అని. ఆ సినిమాలో చూపించే జబ్బుని ఇప్పుడు మల్టిపుల్ పర్సనాలిటీ అనరు. 1994లోనే డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అని పేరు మార్చారు. పేరు మారి ముప్పై ఏళ్ళు దాటినా మన హీరోలు మాత్రం జుట్టు విరబోసుకునే మారతారు. 'అ!' (2018) కాస్త నయం. ఒక్క మనిషి బుర్రలో ఉన్న గుంపుని రెస్టారెంట్‌లో కూర్చోబెట్టి చూపించాడు. చేపకి నాని గొంతు, బోన్సాయ్ చెట్టుకి రవితేజ గొంతు. జబ్బు పాఠంలా చూస్తే తప్పులుంటాయి, ఒక మనిషి లోపల ఇంత రద్దీ ఉండొచ్చు అన్న భావం మాత్రం పట్టుకుంది.

మలయాళం 'మణిచిత్రతాళు' (1993) చూడనివాళ్ళు ఒకసారి చూడండి. 'చంద్రముఖి'కి అదే మూలం. మోహన్‌లాల్ అందులో సైకియాట్రిస్టు. రోగి మనసులో కక్ష తీరితేగానీ నయం కాదని ఒక నాటకం ఆడిస్తాడు. ఆవిడ ఎదురుగా మనిషి, మంట, పొగ. పలక తిరుగుతుంది, మనిషి బదులు బొమ్మ వస్తుంది, ఆవిడ బొమ్మని చంపుతుంది. ప్రేక్షకుణ్ణి మోసం చెయ్యకుండా, మనం చూస్తుండగా రోగిని మోసం చేశాడు. మా ప్రొఫెసర్‌తో ఇది వైద్యం అంటే స్టెత్ పెట్టి కొడతారు, అయినా ఆ సీను వచ్చినప్పుడల్లా ఛానెల్ మార్చలేను.

ఎవరో పిలుస్తున్నారు, వెళ్ళాలి.

గోదారి_గట్టు · మంగళవారం, ఉదయం 6:30

మన రీమేకుల్లో మోసాన్ని తీసేసిన సినిమా కూడా ఒకటి ఉందండీ. 'కహానీ' (2012)లో విద్యా బాలన్ నిండు గర్భిణి. భర్తని వెతుక్కుంటూ కలకత్తా వస్తుంది. పోలీసు స్టేషన్‌లో కుర్చీ వేస్తారు, ఎవరూ అనుమానించరు. మనమూ అనుమానించం. చివరికి ఆ కడుపే అబద్ధం. సినిమా ఎక్కడా నోరు తెరిచి అబద్ధమాడలేదు. గర్భిణిని చూస్తే మనకి కలిగే జాలినే వాడుకుంది.

శేఖర్ కమ్ముల 2014లో 'అనామిక' తీసినప్పుడు కథని హైదరాబాద్‌కి తెచ్చి ఆ గర్భాన్ని తీసేశారు. నయనతార మామూలుగానే వస్తుంది. తెలిసిన కథే మళ్ళీ తియ్యకూడదని అనుకుని ఉండొచ్చు. కానీ ఆ కడుపు లేకపోతే దాచడానికి ఇంకేం మిగిలింది? మాగాయలో మెంతిపిండి మానేసినట్టైంది. చూడ్డానికి మాగాయలాగే ఉంటుంది.

ఉప్పాడ_చీర · మంగళవారం, ఉదయం 11:05

అందరూ ప్రేక్షకుణ్ణి మోసం చెయ్యడం గురించే మాట్లాడుతున్నారు. ఒక పాత్ర ఇంకో పాత్రని మోసం చేసే సినిమా ఒకటి చెప్తాను. 'గ్యాస్‌లైట్' (1944), ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కి ఆస్కార్ తెచ్చింది. భర్త బ్రోచ్ దాచేస్తాడు, గోడ మీద పటం మాయం చేస్తాడు, నువ్వే తీశావు, నీకే గుర్తు లేదు అంటాడు. రాత్రిళ్ళు ఇంట్లో గ్యాస్ దీపాలు సన్నగిల్లుతాయి. వాడు పైన అటకగదిలో నగల కోసం వెతుకుతూ అక్కడ దీపం వెలిగిస్తాడు కాబట్టి కింద వెలుగు తగ్గుతుంది. ఈవిడేమో తన కళ్ళకే ఏదో అయిందనుకుంటుంది. బయటినుంచి వచ్చిన డిటెక్టివ్ "దీపం తగ్గింది" అనగానే ఆవిడ మొహం చూడాలి. పిచ్చి లేదని తెలిసినప్పుడు మనిషి అంతలా ఏడుస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

ఇప్పుడందరూ వాడే గ్యాస్‌లైటింగ్ అన్న మాట ఈ కథలోంచే పుట్టింది. మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు 2022కి ఏడాది పదంగా దాన్నే ఎంచుకుంది.

మా అక్క కాపురంలో ఇది నాలుగేళ్ళు చూశాను. "నేనెప్పుడన్నాను? నీకు మతిమరుపు" అన్నది ఆ ఇంట్లో రోజూ వినే మాట. చివరికి అక్క పాల ప్యాకెట్ల లెక్క కూడా క్యాలెండర్ మీద రాసుకునేది, తాను కరెక్టని తనకే రుజువు కోసం. ఆ క్యాలెండర్ ఇప్పటికీ మా అమ్మ దగ్గరుంది. అందుకే 'క్షణం'లో పదిమంది కలిసి "నీకు పాపే లేదు" అంటున్నప్పుడు నాకది థ్రిల్లర్‌లా అనిపించలేదు.

బెజవాడ_పిల్ల · మంగళవారం, ఉదయం 11:20

అక్కా 🙏 ఇప్పుడు ఎలా ఉన్నారు ఆవిడ?

ఉప్పాడ_చీర · మంగళవారం, ఉదయం 11:48

బాగుంది తల్లీ. సొంతంగా టైలరింగ్ షాపు. లెక్కలన్నీ నోటితోనే చెప్తుంది, రాసుకోదు.

మోడరేటర్ · మంగళవారం, మధ్యాహ్నం 12:15

గుంపులో ముగ్గురు నాకు మెసేజ్ పెట్టారు, 'కహానీ' ముగింపు చెప్పేశారని. మొదటి పోస్టులోనే హెచ్చరిక ఉంది, సినిమా వచ్చి ఇన్నేళ్ళైంది. కొత్త సినిమాల ముగింపులైతే మాత్రం తీసేస్తాను.

కొత్తగా_చేరా · మంగళవారం, మధ్యాహ్నం 2:00

'అనుకోకుండా ఒక రోజు' (2005) ఎవరూ అనలేదేంటి? ఛార్మి పార్టీకెళ్ళొచ్చి పడుకుని లేస్తుంది. మర్నాడు అనుకుంటుంది, కానీ మధ్యలో ఒక రోజు మొత్తం ఎగిరిపోయింది. ఆ రోజు ఏం చేసిందో తనకే తెలీదు, కొత్తవాళ్ళెవరో వచ్చి పలకరిస్తుంటారు. దర్శకుడు యేలేటి అక్కడ ఆడిన ఆట ఎంత పొదుపైందో చూడండి. అబద్ధం చూపించలేదు, ఒక రోజుని చూపించకుండా ఊరుకున్నాడంతే. పెద్దాయన దీన్ని ఒప్పుకుంటారా?

రెండో_ఆట · మంగళవారం, మధ్యాహ్నం 3:10

అడిగాను. "కట్టలో ఒక పేజీ చిరిగిపోయింది. అది అబద్ధం కాదు, వెతుక్కోవాలి" అన్నారు. పాస్!

నేల_టికెట్ · మంగళవారం, మధ్యాహ్నం 3:12

'కౌన్' (1999) మాత్రం పెద్దాయనకి చూపించొద్దు. ఊర్మిళ ఒక్కతే ఇంట్లో, బయట వాన, టీవీలో హంతకుడి వార్త, తలుపు కొట్టే మనోజ్ బాజ్‌పాయి. అంతసేపూ భయపడుతున్నది ఎవరు, భయపడాల్సింది ఎవరు అన్నది తెలిశాక ఆయన మజ్జిగతో ఆగరు.

సీతమ్మ_మనవడు · మంగళవారం, రాత్రి 10:30

నేను ఇక్కడ ఎక్కువ రాయను. ఒక్క సినిమా గురించి చెప్పి వెళ్తాను.

'ది ఫాదర్' (2020). మతిమరుపు ముదిరిన ముసలాయనగా ఆంథొనీ హాప్కిన్స్. దీన్ని ఎవరూ థ్రిల్లర్ అనరు. నాకు మాత్రం ఇంతకంటే టెన్షన్ పెట్టిన సినిమా లేదు. ఆయన కూతురు సరుకులు తేవడానికి వెళ్ళి తిరిగొచ్చేసరికి వేరే నటి వస్తుంది. "నేనే నాన్నా" అంటుంది. మనకీ తెలీదు ఈవిడెవరో. హాలు అదే అనిపిస్తుంది, గోడ మీద పటం ఉండదు. వంటింటి సామాను మారిపోతుంది. ఎక్కడా ఇది ఆయన భ్రమ అని చెప్పరు. సంతకం ఉందా అంటే, ఉంది. సినిమా మొత్తం ఆయన వాంగ్మూలమే. కానీ సంతకం పెట్టిన సంగతి ఆయనకే గుర్తు లేదు.

మా అమ్మమ్మ చివరి రెండేళ్ళు అలాగే ఉంది. రోజూ సాయంత్రం ఐదింటికి చీర కుచ్చిళ్ళు సర్దుకుని, చేతిసంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడేది. "అబ్బాయీ, చీకటి పడుతోంది, నన్ను మా ఇంటి దగ్గర దింపు." ఇదే మన ఇల్లు అమ్మమ్మా అంటే నా వంక అనుమానంగా చూసేది. ఏదో దాస్తున్నానని. మేమంతా కలిసి ఆవిణ్ణి మోసం చేస్తున్నామని ఆవిడ నమ్మకం. మొదట్లో వాదించేవాణ్ణి, ఆధార్ కార్డు తెచ్చి అడ్రసు చదివి వినిపించేవాణ్ణి. తర్వాత తర్వాత "పద" అని చెయ్యి పట్టుకుని వీధి చివర రావిచెట్టు దాకా నడిపించి, వెనక్కి తెచ్చేవాణ్ణి. గుమ్మంలోకి రాగానే "అమ్మయ్య, వచ్చేశాం" అనేది.

ఆ సినిమా చూశాకే నాకు తట్టింది. ఆ ఐదింటికి ఆవిడకి కనపడిన ఇల్లు వేరేది.

వార్డు_డ్యూటీ · బుధవారం, రాత్రి 1:15

రావిచెట్టు దాకా నడిపించడం... మేము అటెండర్లకి అదే చెప్తాం. వాదించొద్దు, వెంట నడవండి అని. మీకెవరూ చెప్పకుండానే చేశారు.

గోదారి_గట్టు · బుధవారం, ఉదయం 6:40

ఉదయాన్నే చదివి కాసేపు ఊరికే కూర్చున్నానండీ.

రెండో_ఆట · బుధవారం, రాత్రి 11:55

నిన్న సీతమ్మగారి మనవడు రాసింది నాన్నకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. పొద్దున్నే మా నాయనమ్మ ఫొటో దగ్గర బల్బు మార్చారు. అది మాడిపోయి నెలైంది.

సాయంత్రం ఆయనే "ఆ 'దృశ్యం' పెట్టు" అన్నారు. వెంకటేష్‌ది, 2014. ఆయనకిష్టమైన సినిమా, నాలుగోసారి చూడ్డం. కోర్టు మనిషి కదా, ఆ సాక్షుల సీన్లు వచ్చినప్పుడు ముందుకి జరిగి కూర్చుంటారు. బస్సు కండక్టరు, హోటలువాడు, సినిమా హాలువాడు. ఈసారి మధ్యలో పాజ్ చేసి అన్నారు: "వీళ్ళెవరూ అబద్ధం చెప్పట్లేదు, చూశావా? వీణ్ణి నిజంగానే చూశారు. చూసిన రోజు వేరు. అన్ని సంతకాలూ నిజమే, తేదీ ఒక్కటే తప్పు. క్రాస్‌లో ఎంత తిప్పినా విరగరు, ఎందుకంటే వాళ్ళు నమ్మి చెప్తున్నారు."

మరి మీ రూలు ప్రకారం ఇదేంటి నాన్నా అన్నాను. "వీడు సాక్షిని తయారు చెయ్యలేదు. జ్ఞాపకాన్ని తయారు చేశాడు" అని మళ్ళీ ప్లే నొక్కారు.

ఊపు మీదున్నారు కదా అని 'అంధాధున్' పెట్టేశాను. గుడ్డివాడిగా నటించే పియానో కుర్రాడు, టబు, ఆ చివరి కథ. యూరప్‌లో కలిసినప్పుడు, చూపు నిజంగానే పోయిందంటూ రాధికా ఆప్టేకి వాడు చెప్పేదంతా వాడి నోటి మాటే. సంతకం ఉంది. తర్వాత వీధిలో నడుస్తూ దారిలో ఉన్న డబ్బాని కర్రతో కొడతాడు. అది ఎవరూ చెప్పింది కాదు, కెమెరా నేరుగా చూపించింది.

నాన్న అక్కడ ఆపారు. వెనక్కి. మళ్ళీ చూశారు. వెనక్కి. "ఆ కర్ర పిడి చూడు, కుందేలు తల. ఇదిగో, ఇది పి-1. వాడు చెప్పింది వాంగ్మూలం. రెండూ పడట్లేదు."

అంటే అబద్ధం చెప్పాడంటారా అని అడిగా.

"ఉండు" అన్నారు. ఇప్పటికి ఆరోసారి చూస్తున్నారు. రిమోట్ ఇవ్వట్లేదు.

నేల_టికెట్ · గురువారం, రాత్రి 12:04

మజ్జిగ సంగతేంటి?

రెండో_ఆట · గురువారం, రాత్రి 12:06

గ్లాసు పక్కనే ఉంది. తాగడం మర్చిపోయారు.